జ్వరానికి ఆనవాలు

జ్వరానికి ముఖం లేదు. మలేరియా వచ్చినా, డెంగ్యూ వచ్చినా, టైఫాయిడ్ వచ్చినా మొదటి రెండు రోజులూ రోగి చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే. ఒళ్ళు కాలుతున్నది, తల పగులుతున్నది, కీళ్ళు లాగుతున్నవి. పూర్వం వైద్యుడు నాడి పట్టి, నాలుక చూసి, జ్వరం ఏ వేళ ఎక్కి ఏ వేళ దిగుతున్నదో అడిగి ఒక నిశ్చయానికి వచ్చేవాడు. ఆ నిశ్చయంలో అనుభవం ఎంత ఉండేదో, ఊహ కూడా అంతే ఉండేది. ఈ నాడు ఊహకు బదులు ఒక చీటీ ఉన్నది. ఆ చీటీ మీద 'పాజిటివ్' అనో, 'నెగెటివ్' అనో ఒక్క మాట ఉంటుంది. ఆ మాట ఎక్కడ నుంచి పుడుతున్నదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈసారి చూద్దాము.

జంషెడ్‌పూర్ నగరం వైపు నుంచి వచ్చేవారికి టాటానగర్ రైల్వే స్టేషను దాటిన తర్వాత తగిలే పేట మా పర్సుడీహ్. టోకు వ్యాపారుల మండీ ఇక్కడే. జిల్లా సదర్ ఆస్పత్రి పక్కనున్న ఖాస్‌మహల్‌లో. ఉక్కు కర్మాగారంలో పనికని తాతల నాడు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో అనేకం. సింగ్‌భూమ్ అడవులు మలేరియాకు పేరుపడ్డవి. డెంగ్యూ మాత్రం ఇళ్ళ మధ్య నిలవ నీటిలో పెరిగే దోమతో వచ్చేది. 2023 వానకాలంలో అది జంషెడ్‌పూర్‌ను గట్టిగానే పీడించింది. కనుక ఇక్కడ భాద్రపద మాసంలో ఒకరికి జ్వరం తగిలితే అది అడవి జ్వరమో, ఊరి జ్వరమో చెప్పలేము. చెప్పవలసిన అగత్యం మాత్రం ఉన్నది. మలేరియాకు నిర్దిష్టమైన మందు ఉన్నది, ఆలస్యమైతే ప్రాణాపాయం. డెంగ్యూకు అటువంటి మందు లేదు. ద్రవాలు ఇస్తూ, రోగిని కనిపెట్టి ఉండడమే చికిత్స. పైగా ఒళ్ళు నొప్పులకు చాలామంది తమంతట తాము కొని మింగే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు డెంగ్యూలో రక్తస్రావాన్ని పెంచగలవు. జ్వరం పేరు తెలియకుండా వేసుకున్న మాత్ర ఒక్కొక్కసారి జ్వరం కన్న ఎక్కువ కీడు చేస్తుంది.

శాస్త్రజ్ఞులు 'బయోమార్కర్' అనే దానికి మన పాఠ్యపుస్తకాలలో 'జీవసూచిక' అని వ్రాస్తారు. తప్పు లేదు. కాని అనువాదం వృత్తిగా గల నాకు ఆ మాటకన్న మన ఇళ్ళలో పుట్టి పెరిగిన 'ఆనవాలు' అనే మాట మీద మనసు పోతుంది. లంకలో హనుమంతుడు సీతమ్మకు చూపిన ఉంగరం ఆనవాలు. ఉంగరం రాముడు కాదు. రాముని దగ్గర నుంచి వచ్చినదని గుర్తించగలవారికి మాత్రమే అది సాక్ష్యం. వైరసు విషయంలోనూ అంతే. పరీక్ష చేసేవారు వెదికేది వైరసును కాదు, అది శరీరంలో అడుగుపెట్టినందువల్ల కనబడే ఏదో ఒక ఉంగరాన్ని.

ఆ ఉంగరాలు ఒక్క రకం కావు. వైరసు తనలో దాచుకున్న జన్యుపదార్థం ఒకటి. అది తయారుచేసే ప్రోటీనులు మరొకటి. డెంగ్యూ వైరసు సోకిన కణాల నుంచి రక్తంలోకి విడుదలయ్యే 'ఎన్.ఎస్.1' అటువంటిదే. శరీరం వైరసును ఎదుర్కొనడానికి కొద్ది రోజుల తర్వాత పుట్టించే ప్రతిరక్షకాలు మూడవ రకం. ఇవి గాక, శత్రువు ఎవరో ఇంకా తెలియకముందే శరీరం మోగించే గంటలు ఉన్నవి. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు కనిపెట్టిన ఇంటర్‌ఫెరాన్ అటువంటి గంట. దాని చప్పుడుకు కణాలలో 'ఎం.ఎక్స్.ఎ.' అనే ప్రోటీను పెరుగుతుంది. బాక్టీరియా వల్ల వచ్చిన జ్వరాలలో ఇది అంతగా పెరగదు. కనుక దీనిని కొలిస్తే, ఏ వైరసో తెలియకపోయినా, యాంటీబయోటిక్ వాడనక్కరలేని జ్వరమని ఊహించడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అక్కరలేని చోట యాంటీబయోటిక్‌లు వాడే అలవాటు మన దేశంలో ఎంత ముదిరినదో తెలిసినవారికి ఈ ఆనవాలు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆనవాలు ఉన్నంత మాత్రాన చాలదు, దానిని గుర్తుపట్టి మన కంటికి కనబడేటట్లు చేయాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిలో రక్తంలోని భాస్వరం నీలిరంగుగా మారి కనబడుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. కంటికి కనబడని పరిమాణాన్ని కంటికి కనబడే గుర్తుగా మార్చే విద్యకు తెలుగువాడి చేయి అంత ముందే పడింది. దీనికి విద్యుత్తును జోడించినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు లీలండ్ క్లార్క్. 1956లో రక్తంలోని ప్రాణవాయువును కొలిచే ఎలక్ట్రోడును తయారుచేసిన ఆయన, 1962లో ఒక చిన్న మార్పు సూచించాడు. ఎలక్ట్రోడు కొన మీద గ్లూకోజును మాత్రమే గుర్తుపట్టే ఎంజైమును పలుచని పొరగా నిలిపితే, చక్కెర ఉన్నకొద్దీ ఆ ఎంజైము ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది. ఆ తరుగుదలను ఎలక్ట్రోడు విద్యుత్తుగా చెబుతుంది. బయోసెన్సర్ కథకు అది మొదలు. ఈ నాడు మధుమేహం ఉన్న ప్రతి ఇంట్లోనూ బల్లసొరుగులో ఉండే గ్లూకోమీటరు ఆ వంశంలోదే.

బయోసెన్సర్‌లో ఎప్పుడూ రెండు సగాలు ఉంటవి. మొదటి సగం గుర్తుపట్టేది: ఎంజైము కావచ్చు, ప్రతిరక్షకం కావచ్చు, జన్యుపదార్థపు చిన్న పోగు కావచ్చు. రెండవ సగం ఆ గుర్తింపును విద్యుత్తుగానో, కాంతిగానో, రంగుగీతగానో మార్చేది. ఈ రెండవ సగం చేసే పని చూస్తే నాకు చుట్టరికం గుర్తుకు వస్తుంది. ఒక భాషలో అన్నదానిని మరొక భాషలో చెప్పడమే దాని ఉద్యోగం. మూలంలో లేనిది చెప్పినా, ఉన్నది వదిలినా నింద తప్పదు.

చక్కెర విషయంలో ఈ అనువాదం సులువు. ఆరోగ్యవంతుని రక్తంలో లీటరుకు ఇంచుమించు ఒక గ్రాము గ్లూకోజు ఉంటుంది. వైరసు ఆనవాళ్ళు అంత దండిగా దొరకవు. హైదరాబాదు గచ్చిబౌలిలోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థలో సోను గాంధీ బృందం 2020లో తయారుచేసిన 'ఈ-కోవ్-సెన్స్' అనే పరికరాన్ని చూస్తే ఇది తెలుస్తుంది. కరోనా వైరసు మీద ముళ్ళవలె ఉండే స్పైక్ ప్రోటీనును పట్టుకునే ప్రతిరక్షకాలను వారు ఒక చిన్న కర్బన ఎలక్ట్రోడు మీద నిలిపారు. ప్రోటీను వచ్చి తగులుకున్నప్పుడు ఎలక్ట్రోడు దగ్గర విద్యుత్ ప్రవాహం మారుతుంది. చేతిలో ఇమిడే పెట్టె ఆ మార్పును అంకెగా చూపుతుంది. అందుకు పట్టే కాలం 10 నుంచి 30 సెకండ్లు. వైరసు పరీక్షకు నమూనా ఇచ్చి ఫలితం కోసం జనం రోజుల తరబడి కాచుకున్న 2020లో ఆ సంఖ్య ఎంత ఊరట కలిగించి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ పరికరం పట్టుకోగల కనీస పరిమాణం 90 ఫెమ్టోమోలార్ అని వారు ప్రకటించారు. ఫెమ్టో అంటే ఒకటిని కోటి కోట్లతో భాగించి, మళ్ళీ పదితో భాగించగా వచ్చేది. ఇటువంటి మాటలు కాగితం మీద చదివితే బుర్రకు ఎక్కవు గనుక, ఒక ఉపమానం. గండిపేట జలాశయం నిండితే సుమారు 3.9 టి.ఎం.సి.ల నీరు పడుతుంది. అంత నీటిలో మూడున్నర గ్రాముల చక్కెర, అనగా ఒక చిన్న చెంచాడు, కలిపి బాగా కలియబెట్టితే అణువుల లెక్కన ఆ పలుచదనం వస్తుంది. మన రక్తంలో చక్కెరతో పోల్చితే ఆరువేల కోట్ల రెట్లు పలుచన. ఇంతా చేసి, ఆ పలుచని ద్రవంలో ఒక్క మైక్రోలీటరు తీసి లెక్కించగలిగితే ఇంకా 54 వేల అణువులు ఉంటవి. ప్రకృతికి కొదవ లేదు, కొదవ మన చూపుకే.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ కొలతలు లాలాజలంలో ప్రోటీనును తెలిసిన పరిమాణంలో తామే కలిపి తీసినవి. శాస్త్రంలో అది ధర్మమైన మొదటి మెట్టు. తెలిసిన దానిని సరిగా చెప్పలేని పరికరం తెలియని దానిని ఏమి చెబుతుంది? కాని ఆస్పత్రి వరుసలో నిలబడ్డ మనిషి లాలాజలం వేరు. అందులో ఉదయం తాగిన టీ ఉంటుంది, మా ప్రాంతంలో అయితే బుగ్గన పెట్టిన ఖైనీ ఉంటుంది, కఫం ఉంటుంది. వీటన్నిటి మధ్య తనకు కావలసినదానినే పట్టుకొని మిగిలినవాటికి మోసపోకుండా ఉండడమే అసలు పరీక్ష. అదే 2020లో దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు గ్రాఫీన్ అనే ఏకపరమాణు మందపు పొర మీద ఇటువంటి సెన్సర్‌నే చూపించారు. ఆ ఏడాది వెలువడ్డ ఇటువంటి పత్రాలు ఎన్నో. ప్రయోగశాల బల్లకూ జిల్లా ఆస్పత్రి బల్లకూ మధ్య ఉన్న దూరం సెకండ్లలో కొలిచేది కాదు.

ఆ దూరం దాటిన వాటిలో ఒకదాని కథ మా ఊరికి కాస్త దగ్గరది. ఢిల్లీలోని జీనోమిక్స్ సంస్థలో దేబజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతీ బృందం సికిల్ సెల్ వ్యాధికి మూలమైన జన్యుదోషాన్ని గుర్తించడానికి ఒక పద్ధతి సిద్ధం చేసుకుంటున్నది. మనిషి జన్యువులోని ఒక్క అక్షరం మారితే వచ్చే వ్యాధి అది. ఒక్క అక్షరం తేడాను పట్టగల పద్ధతి వైరసును ఎందుకు పట్టలేదని 2020లో వారు దానిని కరోనా వైపు తిప్పారు. ఫ్రాన్సిసెల్లా నోవిసిడా అనే బాక్టీరియా నుంచి తీసిన కాస్-9 ప్రోటీను వైరసు జన్యువరుసను వెదికి పట్టుకుంటుంది. పట్టుకున్నదని కాగితపు పట్టీ మీద గీత చెబుతుంది. దీని పొడవైన శాస్త్రీయ నామానికి పొడి అక్షరాలు కలిపితే 'ఫెలుదా' అని వస్తుంది. సత్యజిత్ రాయ్ 1965లో సృష్టించిన అపరాధ పరిశోధకుని పేరు అది. ఆ కథలలో ఒకటి మా రాష్ట్రంలోని హజారీబాగ్‌లోనే నడుస్తుంది. ఇదే పద్ధతి తెలుగువారి చేతిలో పడి ఉంటే, కొమ్మూరి సాంబశివరావు నవలలు చదివి పెరిగినవారెవరైనా తప్పక 'యుగంధర్' అని పేరు పెట్టడానికి పొడి అక్షరాలు వెదుక్కొని ఉండేవారు.

ఫెలుదాను మార్కెట్టులోకి తెచ్చే హక్కు తీసుకున్నది టాటా సన్స్. 2020 సెప్టెంబరులో ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించింది. అప్పుడు ప్రకటించిన అంకెలు రెండు: సున్నితత్వం నూటికి 96, నిర్దిష్టత నూటికి 98. పట్టీ మీద గీత చూడడానికి యంత్రం అక్కరలేదు గాని, అంతకుముందు వైరసు జన్యుపదార్థాన్ని లక్షల ప్రతులుగా పెంచడానికి ఒక యంత్రం కావలసిందే. ఖరీదైన ఆర్.టి.-పి.సి.ఆర్. యంత్రం కన్న ఇది చవక, సాదా. అంతమాత్రాన అడవి దారిలో సంచిలో వేసుకొని పోయేది కాదు. పత్రికలు 'కాగితం పరీక్ష' అని వ్రాసినప్పుడు ఈ సంగతి తరచు జారిపోయింది.

ఆ రెండు అంకెలను కాస్త విప్పి చూడాలి, ఎందుకంటే పరీక్షల విషయంలో చదువుకున్నవారు సైతం పొరబడేది ఇక్కడే. సున్నితత్వం 96 అంటే, నిజంగా వైరసు సోకిన నూరుమందిలో 96 మందిని పట్టి, నలుగురిని వదిలివేస్తుంది. నిర్దిష్టత 98 అంటే, సోకని నూరుమందిలో ఇద్దరిని నిష్కారణంగా నిందిస్తుంది. చాలా మంచి పరీక్ష అన్నమాట. ఇప్పుడు నూటికి ఒకరికి మాత్రమే సోకిన ఊరిలో పదివేల మందికి దీనిని చేశామనుకోండి. సోకినవారు 100, అందులో 96 మంది దొరుకుతారు. సోకనివారు 9,900, అందులో 198 మందికి అబద్ధపు పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ చీటీ పట్టుకొని నిలబడ్డ 294 మందిలో మూడింట రెండు వంతుల మందికి జబ్బే లేదు! అదే పరీక్షను, సగం మందికి సోకిన చోట పదివేల మందికి చేస్తే పాజిటివ్‌లు 4,900, వాటిలో 4,800 నిజం. అయితే ఇక్కడ 200 మంది రోగులు 'నెగెటివ్' చీటీతో ఇంటికి వెళ్ళిపోతారు. పరీక్ష మారలేదు, అంకె మారలేదు. ఎవరికి, ఎక్కడ, ఎందుకు చేశామన్నది మారింది, చీటీ అర్థం మారింది.

కాలం సంగతి ఇంతకన్న సూక్ష్మమైనది. ఆనవాలు వచ్చే వేళ, పోయే వేళ రోగం రాకపోకలతో సరిపోవు. జార్ఖండ్‌లో ఆశా కార్యకర్తలను 'సహియా' అంటారు, నేస్తం అని అర్థం. వారి సంచిలో మలేరియా పట్టీ ఉంటుంది. మలేరియా వైరసు కాదు, పరాన్నజీవి. పోలిక కోసం చెబుతున్నాను. వేలికొన నుంచి ఒక్క రక్తపు బొట్టు, ఇరవై నిమిషాలలోపు గీత. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియాకు ఆ పట్టీ వెదికే ప్రోటీను, మందు పనిచేసి పరాన్నజీవి చచ్చిన తర్వాత కూడా వారాల తరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. దొంగ పోయినా చెప్పులు గుమ్మంలోనే ఉన్నట్లు. ఆ వారాలలో వేరే జ్వరం వస్తే పట్టీ దానిని కూడా మలేరియా అంటుంది.

డెంగ్యూలో చిక్కు దీనికి ఎదురు. ఎన్.ఎస్.1 మొదటి అయిదు రోజులలో బాగా దొరుకుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ప్రతిరక్షకాలు ఇంచుమించు అయిదవ రోజు నుంచి పైకి వస్తవి. అందుకే మన ప్రభుత్వ కార్యక్రమంలో మొదటి అయిదు రోజులలో ఎన్.ఎస్.1 కోసం, ఆ తర్వాత ప్రతిరక్షకాల కోసం ఎలైసా పరీక్ష చేస్తారు. దుకాణాలలో దొరికే త్వరిత పట్టీ ఒక్కటే చూసి నిర్ధారణ చేయరు. ఇదివరకే ఒకసారి డెంగ్యూ వచ్చి ఉన్నవారిలో పాత ప్రతిరక్షకాలు మేల్కొని ఎన్.ఎస్.1ను ముందే చుట్టుముట్టుతవి. పట్టీకి అది మరీ తక్కువగా దొరుకుతుంది. రెండవసారి వచ్చే డెంగ్యూలోనే ప్రమాదం ఎక్కువన్నది గుర్తుంచుకుంటే, పరీక్ష ఎక్కడ తడబడుతున్నదో చూడండి!

ఒకరికి ఆరవ రోజున జ్వరం దిగింది. అదే రోజు చేయించిన ఎన్.ఎస్.1 పట్టీ నెగెటివ్. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. వైద్యులకు తెలిసిన సంగతి వేరు: డెంగ్యూలో జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజులే అసలు గండం. రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తు, ఇవన్నీ కనబడితే అప్పుడే. ఆ చీటీ అబద్ధం చెప్పలేదు. దానిని అడిగిన ప్రశ్నకు అది నిజమైన జవాబే ఇచ్చింది. ఈ వేళ ఈ రక్తంలో ఎన్.ఎస్.1 పట్టుకోదగినంత లేదని మాత్రమే అది అన్నది. మనం దానిని 'డెంగ్యూ లేదు' అని చదువుకున్నాము.

ఇక్కడ నేరం కొంత మా వృత్తివారిది కూడా అని నాకు తోస్తుంది. ఆరోగ్య ప్రచార పత్రాలు ఆంగ్లం నుంచి దేశభాషలలోకి వచ్చేటప్పుడు 'నెగెటివ్' అనే మాటకు 'రోగం లేదు' అని వ్రాయడం చాలా చోట్ల చూస్తాము. చదివేవారికి హాయిగా ఉంటుంది, పంక్తిలో చక్కగా ఇముడుతుంది. 'పాజిటివ్'కు 'రోగం ఉన్నది' అనడమూ అటువంటిదే. పరీక్ష మాట్లాడేది ఆనవాలు భాష. మనం దానిని రోగం భాషలోకి దూకించాము, మధ్యలో రోజుల లెక్క పడిపోయింది. పరికరాలు ఇంకా చిన్నవై, ఇంకా వేగవంతమై, వైద్యుని ప్రమేయం లేకుండా ఇంట్లోనే చేసుకునేవి వచ్చిన కొద్దీ ఆ చీటీ వెనుక నిలబడి అర్థం చెప్పే మనిషి ఉండడు. అప్పుడు అచ్చువేసిన ఆ ఒక్క మాటే వైద్యుడు.

కనుక రక్తం ఇచ్చేటప్పుడు జ్వరం మొదలై ఎన్నవ రోజో చెప్పండి, అడగకపోయినా చెప్పండి, చీటీ మీద వ్రాయించుకోండి. ఇక ఆ చీటీని తెలుగు చేసే పని ఎప్పుడైనా నా బల్ల మీదికి వస్తే, 'నెగెటివ్' అన్న చోట 'జ్వరం ఇన్నవ రోజున ఆనవాలు కనబడలేదు' అని వ్రాసి, ఆ 'ఇన్నవ' దగ్గర ఒక గడి ఖాళీగా ఉంచుతాను. పంక్తి పొడుగైపోయిందని అచ్చువేసేవారు గొణుగుతారు. గొణగనివ్వండి.